గ్రంథసూచిలో పొడుగు గీత: లిబ్రె ఆఫీస్ రైటర్ ఎంతవరకు పనికొస్తుంది?

అనంతపురం శ్రీకృష్ణదేవరాయ, కడప యోగి వేమన, కర్నూలు రాయలసీమ విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ సబ్మిషన్ దగ్గరపడ్డాక ఎక్కువ సమయం తినేది చివరి అధ్యాయం కాదు, ఉపయుక్త గ్రంథసూచి. అందులో ఒకే రచయిత పుస్తకాలు వరసగా వస్తే, రెండో పద్దు నుంచి పేరు బదులు పొడుగు గీత వేస్తారు. ఈ ఒక్క గీతను ఒక్కో పుటలో ఒక్కో పొడవుతో, ఒక్కో ఎత్తులో, ఒక్కో పద్ధతిలో టైపు చేసిన ప్రతులు ఇప్పటికీ బైండింగుకు వెళ్తున్నాయి. ఆ పనికి లిబ్రె ఆఫీస్ రైటర్ ఎంత పనికొస్తుందో, వర్డ్‌తో పోలిస్తే ఎక్కడ మేలో, ఎక్కడ తక్కువో ఈ సమీక్షలో చెప్తాం. రైటర్ ఉచితం, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ఒకేలా నడుస్తుంది. గీతల్ని సవరించడంలో, ఏకరూపం చేయడంలో అది వర్డ్ కన్నా ముందుంది. గీతను టైపు చేయడంలో మాత్రం కొంచెం వెనక.

ముందు గీత అంటే ఏ గీతో తేల్చుకోవాలి. కీబోర్డు మీద సున్నా పక్కనున్నది హైఫన్, జంట పదాలకు. అంతకన్నా పొడవైంది ఎన్ డ్యాష్, 145–162 లాంటి పుటసంఖ్యల మధ్య, 1914–1990 లాంటి సంవత్సరాల మధ్య వచ్చేది. ఇంకా పొడవైంది ఎమ్ డ్యాష్, దాని వెడల్పు మామూలుగా అక్షరం సైజంత. 12 పాయింట్ల అక్షరాల్లో ఒక ఎమ్ డ్యాష్ 12 పాయింట్లు. రచయిత పేరు బదులు వేసేది మూడు ఎమ్ డ్యాష్‌లు కలిపిన గీత, అంటే 36 పాయింట్లు. 72 పాయింట్లు ఒక అంగుళం కాబట్టి ఈ గీత సరిగ్గా అర అంగుళం, 1.27 సెంటీమీటర్లు. గ్రంథసూచిలో మొదటి పంక్తి ఎడమ అంచున మొదలై, రెండో పంక్తి నుంచి లోపలికి జరిగే దూరం కూడా సాధారణంగా అర అంగుళమే. అందుకే టైమ్స్ న్యూ రోమన్ 12 పాయింట్లలో మూడు ఎమ్ డ్యాష్‌లు వేస్తే గీత కుడికొస కింది పంక్తి మొదటి అక్షరం మీదికి నిలువుగా సరిపోతుంది. పుట చూడగానే శుభ్రంగా కనిపించడానికి కారణం ఇదే.

కడప సి.పి. బ్రౌన్ గ్రంథాలయంలో కూర్చుని పనిచేసేవారికి ఎరుకైన పుస్తకాలతోనే చూద్దాం:

బ్రౌన్, చార్లెస్ ఫిలిప్. వేమన పద్యాలు. మద్రాసు, 1829.
———. తెలుగు వ్యాకరణం. మద్రాసు, 1840.
———. తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు. మద్రాసు, 1852.

గీత తర్వాత చుక్క ఉంది చూడండి. ఆ చుక్క పేరు తర్వాత వచ్చే చుక్కే. గీత పేరు స్థానంలో నిలుస్తుంది గాని చుక్క స్థానంలో కాదు. బ్రౌన్ సంపాదకుడిగా ఉన్న పుస్తకమైతే గీత తర్వాత కామా, ఆ తర్వాత సంపా. అని వస్తుంది. బ్రౌన్‌తో పాటు ఇంకొకరు రాసిన పుస్తకానికి గీత పనికిరాదు, పేర్లు రెండూ పూర్తిగా రాయాల్సిందే. గీత ఉందంటే పై పద్దులోని పేరు పొల్లు పోకుండా ఇక్కడా అదేనని అర్థం.

ఇక టైపు చేయడం. నంబర్ ప్యాడ్ ఉన్న డెస్క్‌టాప్ కీబోర్డుకు విండోస్‌లో దాదాపు అన్నిచోట్లా పనిచేసే దారి ఇది: ఆల్ట్ నొక్కిపట్టి నంబర్ ప్యాడ్ మీద 0151 కొడితే ఎమ్ డ్యాష్, 0150 కొడితే ఎన్ డ్యాష్. మొదటి సున్నా వదిలేస్తే వేరే గుర్తు వస్తుంది. వర్డ్‌లో దీనికన్నా సులువు ఉంది. కంట్రోల్, ఆల్ట్ కలిపి పట్టుకుని నంబర్ ప్యాడ్ మైనస్ నొక్కితే ఎమ్ డ్యాష్, ఆల్ట్ లేకుండా కంట్రోల్‌తో అదే మైనస్ నొక్కితే ఎన్ డ్యాష్. రైటర్‌లో ఇంత సులువైన కీలు ముందుగా పెట్టి లేవు. ఇక్కడ వర్డ్‌కే మార్కులు.

నంబర్ ప్యాడ్ లేని ల్యాప్‌టాప్‌లో జరిగే తప్పు ఒకటుంది. కంట్రోల్‌తో పై వరసలోని హైఫన్ నొక్కితే గీత రాదు, ఏమీ వచ్చినట్టు కనపడదు. నిజానికి అక్కడ ఐచ్ఛిక హైఫన్ అనే కనపడని గుర్తు పడింది. పదం పంక్తి చివర విరిగితేనే అది బయటపడుతుంది. నాలుగుసార్లు నొక్కితే నాలుగు దాక్కుంటాయి. తర్వాత ఆ పదం కోసం వెతికితే దొరక్కపోవచ్చు. రైటర్‌లోనూ ఈ కీలతో ఈ గుర్తే పడుతుంది. ల్యాప్‌టాప్‌లో నమ్మదగిన పద్ధతి ఎమ్ డ్యాష్ సంకేతమైన 2014ను టైపు చేసి వెంటనే ఆల్ట్+ఎక్స్ నొక్కడం. ఆ నాలుగు అంకెలు ఎమ్ డ్యాష్‌గా మారతాయి. 2013 అయితే ఎన్ డ్యాష్. రెండు ప్రోగ్రాముల్లోనూ పనిచేస్తుంది. పేచీ పుటసంఖ్యల దగ్గర వస్తుంది: 45 పక్కనే 2013 కొట్టి ఆల్ట్+ఎక్స్ నొక్కితే ప్రోగ్రాము ఆ 45ను కూడా సంకేతంలో కలిపేసుకుంటుంది. అలాంటి చోట చివరి నాలుగు అంకెల్నే సెలెక్ట్ చేసి నొక్కాలి. విండోస్ కీ, ఫుల్‌స్టాప్ కలిపి నొక్కితే తెరుచుకునే పలకలో గుర్తుల వరసలోనూ ఎమ్ డ్యాష్ ఉంటుంది. లినక్స్‌లో చాలాచోట్ల కంట్రోల్+షిఫ్ట్+యు, తర్వాత 2014, ఎంటర్.

ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో తెలుగు టైపు చేసేవారికి మరో సంగతి. అందులో షిఫ్ట్‌తో హైఫన్ నొక్కితే అండర్‌స్కోర్ రాదు, విసర్గ వస్తుంది. అండర్‌స్కోర్లతో గీత గీద్దామనుకున్నవారి పుటలో ఃఃః అని పడటం అందుకే. అండర్‌స్కోర్లతో గీత వేయడమే తప్పు పద్ధతి కాబట్టి ఈ ఇబ్బంది మంచికే. అండర్‌స్కోర్ అక్షరాల పాదాల దగ్గర కూర్చుంటుంది, ఎమ్ డ్యాష్ అక్షరం నడిమి ఎత్తున నిలుస్తుంది. రెండూ కలిసిన పుట మెట్లు మెట్లుగా కనపడుతుంది.

రైటర్‌లో రోజూ వాడుకోవడానికి మేం సిఫారసు చేసేది ఆటోకరెక్ట్ పట్టిక. టూల్స్‌లో ఆటోకరెక్ట్ ఆప్షన్స్ తెరిచి, రీప్లేస్ ట్యాబ్‌లో ఎడమ గడిలో గీ3 అని, కుడి గడిలో మూడు ఎమ్ డ్యాష్‌లు అతికించి, న్యూ నొక్కాలి. తర్వాత గీ3 అని కొట్టి చుక్క పెట్టగానే ———. వచ్చేస్తుంది. ఇక్కడే చాలామంది ఆగిపోతారు: పట్టిక ఒక్కో భాషకు వేరుగా ఉంటుంది. పైన భాష గడిలో ఇంగ్లీషు ఉండగా చేర్చిన మాట తెలుగుగా గుర్తించిన పేరాలో పనిచేయదు. భాష గడిలో ఆల్ అన్నది ఎంచుకుని చేర్చితే రెండు చోట్లా పలుకుతుంది. తెలుగు, ఇంగ్లీషు పుస్తకాలు రెండూ ఉండే మన గ్రంథసూచులకు ఇది తప్పనిసరి. ఇంగ్లీషు కీబోర్డు మీదుండగా వాడేందుకు మూడు ఎక్స్ అక్షరాల్ని ఇలాగే రెండో మాటగా చేర్చుకోవచ్చు.

ఆటోకరెక్ట్‌లో వెంటనే ఆపేయాల్సింది ఒకటుంది. మూడు హైఫన్లు కొట్టి ఎంటర్ నొక్కితే వర్డ్, రైటర్ రెండూ పుట అంచు నుంచి అంచుకు అడ్డగీత గీసేస్తాయి. డీటీపీ సెంటర్లలో వినపడే “అన్నా, ఈ గీత ఎంత చెరిపినా పోవడం లేదన్నా” అన్న మొర దీని గురించే. అది అక్షరం కాదు, పేరాకు వేసిన అంచు. బ్యాక్‌స్పేస్‌కు, డిలీట్‌కు లొంగదు. పడిన వెంటనే కంట్రోల్+జడ్ కొడితే పోతుంది. తర్వాత గమనిస్తే గీతకు పైనున్న పేరాలో కర్సర్ పెట్టి, పేరాగ్రాఫ్ బోర్డర్స్‌లో నో బోర్డర్ ఎంచుకోవాలి. మళ్లీ రాకుండా రైటర్‌లో ఆటోకరెక్ట్ ఆప్షన్స్ ట్యాబ్‌లో అప్లై బోర్డర్ దగ్గర, వర్డ్‌లో ఆటోఫార్మాట్ యాజ్ యూ టైప్ ట్యాబ్‌లో బోర్డర్ లైన్స్ దగ్గర టిక్కు తీసేయాలి. రెండు హైఫన్లను డ్యాష్‌గా మార్చే సౌకర్యం కూడా రెండింటిలో ఉంది గాని గ్రంథసూచికి దాన్ని నమ్ముకోవద్దు. రైటర్‌లో హైఫన్లకు అటూ ఇటూ ఖాళీ ఉంటే ఎన్ డ్యాష్, ఖాళీ లేకపోతే ఎమ్ డ్యాష్ అవుతుంది. టైపు చేసేవారి చేతి అలవాటును బట్టి గీత పొడవు మారడం ఏ సూచికీ మంచిది కాదు.

పాత డీటీపీ ఫైళ్ల సంగతి వేరు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసిన తెలుగు యూనికోడ్ (ప్రతి లిపిలోని అక్షరాలకూ విడి సంకేతాలిచ్చే ప్రమాణం) కాదు. ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాల మీద తెలుగు ముక్కల్ని కూర్చోబెట్టిన ఫాంట్లు అవి. అక్కడ ఆల్ట్+0151 కొడితే గీతకు బదులు ఏదో తెలుగు ముక్క పడవచ్చు. గీత కావాలంటే ఆ ఒక్క గుర్తుకు టైమ్స్ లాంటి ఇంగ్లీషు ఫాంట్ పెట్టాలి. ఆ ఫైలును యూనికోడ్‌కు మార్చే కన్వర్టరు ఈ గీతనూ తెలుగు ముక్క అనుకుని మార్చేయవచ్చు. మార్చాక గ్రంథసూచిలో ప్రతి పద్దు మొదలూ కంటితో చూడాల్సిందే, దానికి అడ్డదారి లేదు.

రైటర్ నిజంగా మెరిసేది సవరణ దగ్గర. ఒక అధ్యాయం ఒకరు, ఇంకో అధ్యాయం ఇంకొకరు టైపు చేసిన సూచిలో కొన్నిచోట్ల మూడు హైఫన్లు, కొన్నిచోట్ల ఆరు అండర్‌స్కోర్లు, కొన్నిచోట్ల ఒక్క ఎమ్ డ్యాష్ ఉంటాయి. గ్రంథసూచి మొత్తం సెలెక్ట్ చేసి కంట్రోల్+హెచ్ నొక్కండి. అదర్ ఆప్షన్స్‌లో కరెంట్ సెలెక్షన్ ఓన్లీ, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్ రెండింటికీ టిక్కు పెట్టండి. ఫైండ్ గడిలో ^[-_–—]+ అని, రీప్లేస్ గడిలో ——— అని ఉంచి రీప్లేస్ ఆల్ నొక్కండి. పేరా మొదట్లో ఏ రకం గీత ఎన్నిసార్లు ఉన్నా అన్నీ ఒకే గీతగా మారతాయి. ముందున్న ^ గుర్తుకు పేరా మొదలు అని అర్థం కాబట్టి మధ్యలోని హైఫన్లు కదలవు. చదరపు బ్రాకెట్‌లో మామూలు హైఫన్ మొట్టమొదటే ఉండాలి. మధ్యలో పెడితే ఇక్కడి నుంచి అక్కడి వరకు అనే అర్థం వచ్చి వెతుకులాట తప్పుతుంది. వర్డ్‌లో పేరా మొదలును పట్టుకునే ఇలాంటి గుర్తు లేదు. ^p^+^+^+ అని వెతికి పేరా గుర్తుతో కలిపి పట్టుకోవాలి, ^+ అంటే వర్డ్ భాషలో ఎమ్ డ్యాష్. అది ఒక్కో రకం గీతకు విడిగా చేయాల్సిన పని. వర్డ్‌లో అరగంట పట్టే పని రైటర్‌లో నిమిషంలో అయిపోవడం అతిశయోక్తి కాదు.

పుటసంఖ్యల మధ్య హైఫన్లను ఎన్ డ్యాష్‌లుగా మార్చడానికి రైటర్‌లో ([0-9])-([0-9]) అని వెతికి $1–$2 అని మార్చాలి. వర్డ్‌లో యూజ్ వైల్డ్‌కార్డ్స్ టిక్కు పెట్టి అదే వెతికి \1–\2 అని మార్చాలి. దీన్ని మాత్రం రీప్లేస్ ఆల్‌తో చేయకండి. ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు సంఖ్య), డీవోఐ (వ్యాసం శాశ్వత ఆన్‌లైన్ గుర్తింపు), వెబ్ చిరునామాల్లోని హైఫన్లు కూడా మారిపోతాయి, ఆ లింకులు ఇక తెరుచుకోవు. ఒక్కొక్కటీ చూసుకుంటూ రీప్లేస్ నొక్కడమే సరైనది.

ఎన్ డ్యాష్ తర్వాత పంక్తి విరగవచ్చు. 145– అని ఒక పంక్తి చివర, 162 అని తర్వాతి పంక్తి మొదట పడితే చదివేవారు తడబడతారు. రైటర్‌లో ఇన్సర్ట్, ఫార్మాటింగ్ మార్క్, వర్డ్ జాయినర్ అని వెళ్లి డ్యాష్ వెంటనే ఆ కనపడని గుర్తు పెడితే రెండు సంఖ్యలూ విడిపోవు. ఇది బాగా పనికొస్తుంది. కానీ ఫైలును వర్డ్ రూపంలో సేవ్ చేసి ఇంకో కంప్యూటర్లో వర్డ్‌తో తెరిస్తే, ఫాంటును బట్టి ఆ చోట ఖాళీ డబ్బా కనపడవచ్చు. గైడ్‌కు వర్డ్ ఫైలే పంపాల్సి ఉంటే జాయినర్ల పని చివరి పీడీఎఫ్‌కు ముందు పెట్టుకోండి.

ఫాంటు విషయంలో రైటర్ కొంచెం ఓపిక కోరుతుంది. ఇందులో ఇంగ్లీషుకు ఒక ఫాంట్, తెలుగుకు ఒక ఫాంట్ విడివిడిగా ఉంటాయి, సైజులూ వేరే. డ్యాష్‌కు సొంత లిపి లేదు, పక్కనున్న అక్షరాల లిపిని బట్టి ఫాంట్ తీసుకుంటుంది. అందుకే ఇంగ్లీషు పద్దుల్లో 12 పాయింట్ల టైమ్స్ గీత, తెలుగు పద్దుల్లో 14 పాయింట్ల తెలుగు ఫాంట్ గీత పడి రెండు పొడవులు కనిపిస్తాయి. 14 పాయింట్లలో గీత 42 పాయింట్లు, అంటే దాదాపు 1.48 సెంటీమీటర్లు, 1.27 హద్దు దాటి బయటికొస్తుంది. మందు ఇదీ: పొడుగు గీత అనే పేరుతో ఒక క్యారెక్టర్ స్టైల్ చేసి, పాశ్చాత్య, తెలుగు గడులు రెండింటిలోనూ టైమ్స్ న్యూ రోమన్ లేదా లిబరేషన్ సెరిఫ్ 12 పాయింట్లు పెట్టండి. ఫైండ్ గడిలో ^——— ఉంచి ఫైండ్ ఆల్ నొక్కితే గీతలన్నీ ఒకేసారి సెలెక్ట్ అవుతాయి. ఆ పేరు మీద రెండుసార్లు క్లిక్ చేస్తే అన్నింటికీ ఆ స్టైల్ పడుతుంది.

కొన్ని ఫాంట్లలో మూడు డ్యాష్‌లు అతుక్కోవు, మధ్య సన్నటి సందులు కనపడతాయి. డ్యాష్‌కు అటూ ఇటూ ఫాంట్ చేసినవారు ఉంచిన ఖాళీ అది. ఫాంట్ మార్చడం మేలు. మార్చలేకపోతే మొదటి రెండు డ్యాష్‌లకు మాత్రం క్యారెక్టర్ స్పేసింగ్ అర పాయింటు తగ్గించి చూడండి. యూనికోడ్‌లో 2012వ సంవత్సరం నుంచి మూడు ఎమ్‌ల పొడవున్న ఒకే గుర్తు ఉంది. వినడానికి ఇదే సరైనదనిపిస్తుంది గాని చాలా ఫాంట్లలో ఆ గుర్తు లేదు. వేరే ఫాంట్ నుంచి అరువు వస్తుంది, లేదా డబ్బా పడుతుంది. దాని జోలికి పోవద్దని మా సలహా.

పేరా అమరికకు ఫార్మాట్ బటన్లు కాక ఒక స్టైల్ చేసుకోండి. రైటర్‌లో బిఫోర్ టెక్స్ట్ 1.27 సెంటీమీటర్లు, ఫస్ట్ లైన్ −1.27 సెంటీమీటర్లు. వర్డ్‌లో హ్యాంగింగ్ 1.27 సెంటీమీటర్లు. ట్యాబ్‌తోనో స్పేస్‌బార్‌తోనో రెండో పంక్తిని లోపలికి తోయకూడదు.

అన్నిటికన్నా నష్టం చేసేది అకారాది క్రమం. గీతలు పెట్టేశాక సూచిని సార్ట్ చేస్తే, గుర్తులు అక్షరాలకన్నా ముందు వస్తాయి కాబట్టి గీతతో మొదలయ్యే పద్దులన్నీ పైకి ఎగబాకి ఒకచోట చేరతాయి. ఏ గీత ఏ రచయితదో చెప్పడానికి ఫైలులో ఇంకే ఆధారమూ మిగలదు. బ్రౌన్ నిఘంటువు ఇంకెవరి పేరు కిందో చేరిపోతుంది. అందుకని మొత్తం సూచిని పూర్తి పేర్లతోనే టైపు చేయండి, సార్ట్ చేయండి, ఆ ప్రతిని వేరే పేరుతో భద్రపరచండి. గైడ్ కొత్త పుస్తకాలు చేర్చమంటే ఆ ప్రతిలోనే చేర్చండి. గీతలు పెట్టడం ప్రింటుకు ముందు చివరి పని. పుటలు కుదిరాక ఇంకోసారి చూడండి: పుట మొదటి పద్దే గీతతో మొదలైతే చదివేవారు వెనక్కి తిప్పాల్సి వస్తుంది. అక్కడ మాత్రం పేరు తిరిగి రాయడం మంచి ముద్రణ సంప్రదాయం.

ఈ గీతల శ్రమ తప్పించేది జొటేరో, పుస్తకాల వివరాలు దాచుకుని గ్రంథసూచిని తానే తయారుచేసే ప్రోగ్రాము. రైటర్‌కూ వర్డ్‌కూ రెండింటికీ ప్లగిన్ ఉంది, అదీ ఉచితమే. రైటర్ సొంత గ్రంథసూచి డేటాబేస్ ఈ పనికి చాలదు. సూచి ఏ రూపంలో రావాలో చెప్పేందుకు జొటేరో వాడే సీఎస్ఎల్ శైలుల్లో సబ్సీక్వెంట్-ఆథర్-సబ్‌స్టిట్యూట్ అనే అమరిక ఉంటుంది. అందులో ——— అని ఉంటే వరసగా వచ్చిన అదే రచయితకు గీత దానంతటదే పడుతుంది, కొత్త పుస్తకం చేర్చినా క్రమం చెడదు. పడాల్సిన చోట పడకపోతే నూటికి తొంభై పాళ్లు కారణం పేరే. ఒక పద్దులో ఇంటిపేరు ముందు, ఇంకో పద్దులో వెనక ఉంటే జొటేరోకు వాళ్లు ఇద్దరు వేర్వేరు మనుషులు. తెలుగుకే ప్రత్యేకమైన చిక్కు ఇంకోటుంది: బ్రౌన్ లాంటి పొల్లుతో ముగిసే పేరు చివర కొన్ని టైపింగు సాధనాలు కనపడని నాన్ జాయినర్‌ను చేర్చుతాయి. చూపుకు రెండు పేర్లూ ఒకటే, కంప్యూటరుకు వేరు. ఒక పద్దులోని పేరును కాపీ చేసి మిగతా పద్దుల్లో అతికించడమే దీనికి విరుగుడు. జొటేరో పెట్టిన సూచిలో చేత్తో చేసిన మార్పులు రిఫ్రెష్‌లో చెరిగిపోతాయి. పుట మొదటి పేరులాంటి చివరి సవరణలకు ముందు ఫైలుకు నకలు తీసి, ఆ నకలులో అన్‌లింక్ సైటేషన్స్ నొక్కాలి.

అసలు గీత కావాలా అన్నది మీ విభాగం నియమావళిలో చూడండి. పరిశోధన రచనలకు ఎక్కువగా వాడే శైలి పద్ధతులు ఏపీఏ, ఎమ్ఎల్ఏ, షికాగో. ఏపీఏ పద్ధతిలో గీతే లేదు, ప్రతిసారీ పేరు రాయాలి. ఎమ్ఎల్ఏ చాలాకాలం మూడు హైఫన్లే అడిగింది, 2021 నాటి తొమ్మిదో కూర్పు మూడు ఎమ్ డ్యాష్‌లనూ ఒప్పుకుంది. షికాగో 2017 కూర్పులోనే రచయితలు గీతలు పెట్టకుండా ఉండటం మేలంది, 2024 కూర్పులో పేర్లు తిరిగి రాయడాన్నే సూచించింది. దానికి కారణాలు గట్టివే. సిద్ధాంత గ్రంథాల ఆన్‌లైన్ భాండాగారం శోధగంగలో చేరిన గ్రంథం నుంచి ఒక్క పద్దును కాపీ చేసుకున్నవారికి గీత మాత్రమే దొరుకుతుంది, రచయిత దొరకడు. తెర మీది పాఠాన్ని చదివి వినిపించే ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్‌తో వినే అంధ విద్యార్థికి డ్యాష్ అని వినపడుతుందో, ఏమీ వినపడదో అమరికను బట్టి ఉంటుంది. పేరు మాత్రం వినపడదు. నియమావళి ఎటూ చెప్పకపోతే పేర్లు రాయడమే మా ఎంపిక. గీతే కావాలన్న గైడ్ దగ్గర పనిచేస్తుంటే పైన చెప్పిన వరసలో చేయండి.

గీతల పనికి రైటర్‌కు పదికి ఎనిమిది ఇస్తాం. టైపింగు కీలు లేనందుకు ఒకటి, వర్డ్‌కు పంపినప్పుడు జాయినర్లు నిలవనందుకు ఒకటి తగ్గించాం. ప్రింటుకు వెళ్లేముందు పీడీఎఫ్‌ను ఫాంట్లతో సహా ఎక్స్‌పోర్ట్ చేసి, గ్రంథసూచి పుటల్ని 200 శాతానికి పెంచి, ఎడమ అంచు వెంబడి పై నుంచి కిందికి గీతల్నే చూసుకుంటూ రండి. పొడవు తేడా, సందు, డబ్బా ఏది ఉన్నా అక్కడే పట్టుబడుతుంది.